మిరపకాయల సంచితో రిలే పందెం

వరంగల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో నేను డ్రిల్ సారును. పిల్లలు ఎదురుగా సార్ అంటారు, వెనక విజిల్ అంటారు. ఇరవై ఏళ్లుగా పిల్లలను ఉరికించడమే నా పని. నేను ఉరికి మాత్రం చాలా కాలమైంది. మెడలో స్టాప్‌వాచ్ వేసుకొని, వేపచెట్టు నీడలో నిలబడి, పొట్ట ముందుకు పెట్టి, "మోకాళ్లు పైకి, మోకాళ్లు పైకి" అని అరుస్తుంటాను. నా మోకాళ్ల సంగతి ఎవరూ అడగరు. అడిగే ధైర్యం ఉన్న ఒకే ఒక్క మనిషి మా బిడ్డ. ఆమె ఐదు నెలలు నాతో మాట్లాడలేదు.

ఎందుకో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. కానీ అది దాచిపెట్టి ఈ పందెం సంగతి చెప్పలేను. మా బిడ్డ పదో తరగతి. నాలుగు వందల మీటర్లు ఉరుకుతుంది. ఐదో తరగతి నుంచి నేనే నేర్పాను. రోజూ పొద్దున్నే లేపడం, గ్రౌండ్‌కు తీసుకెళ్లడం, వచ్చాక కోడిగుడ్డు తినిపించడం, అన్నీ నేనే. ఆ వానాకాలం చివర హనుమకొండలో జిల్లా పోటీలు జరిగాయి. ఆఖరి మలుపు దాకా మా బిడ్డ రెండో స్థానంలో ఉంది. చివరి యాభై మీటర్లలో ఇద్దరు పిల్లలు దాటిపోయారు. నాలుగో స్థానం వచ్చింది.

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా పక్కనే నాలుగు స్కూళ్ల డ్రిల్ సార్లు నిలబడి చాయ్ తాగుతున్నారు. వాళ్లకు వారం ముందు నుంచే గొప్పలు చెప్పి ఉన్నాను. పిల్ల ఊపిరి కూడా తీసుకోకముందే అందుకున్నాను. "నాలుగో ప్లేస్‌కు ఏమిస్తరు? చెప్పు, ఏమిస్తరు? దీనికోసమేనా నేను ఐదేండ్లు పొద్దుగాల లేచింది? ఇంట్ల కూసోని మీ మమ్మీకి గుండీలు కుట్టుకో పో." ఇవీ నేనన్న మాటలు. ఒక్కటి కూడా మరిచిపోలేదు, మరిచిపోతే బాగుండు.

ఆమె ఏడవలేదు. కూర్చొని బూట్లు విప్పింది. రెండూ జోడించి నా కాళ్ల ముందు పెట్టి, ఒట్టి కాళ్లతో బస్టాప్ దాకా నడిచింది. నేను ఆ బూట్లు చేత పట్టుకొని యాభై అడుగుల వెనక నడిచాను. దారిలో ఒక పెద్దమనిషి ఆపి, "ఏ సైజు సారు, అమ్ముతానవా?" అని అడిగాడు.

రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. వారమైంది, నెలైంది. అరవదు, అలగదు, అన్నం మానదు. నాతో తప్ప అందరితో మామూలుగానే ఉంటుంది. నాకేదైనా చెప్పాలంటే వాళ్ల అమ్మకు చెబుతుంది. "మమ్మీ, డాడీకి చెప్పు, ఫోన్ మోగుతాంది." ఆ ఫోన్ నా పక్కనే ఉంటుంది, నేను మమ్మీకన్నా దగ్గరగా ఉంటాను. చాయ్ తెస్తుంది కానీ చేతికివ్వదు. నేను చెయ్యి చాపినా సరే, స్టూలు మీద పెట్టి వెళ్లిపోతుంది. చెయ్యి అలా చాపింది చాపినట్టే ఉండేది. దాంతో ఏం చేయాలో తెలియక తల గోక్కునేవాణ్ణి.

మా ఇంట్లో చేతికి ఇవ్వని వస్తువులు ముందునుంచీ రెండున్నాయి. ఒకటి కత్తెర. నా భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, కత్తెర ఎవరడిగినా బల్ల మీద పెట్టాల్సిందే. రెండోది మిరపకాయలు. ఈ రూలు మా అవ్వది. అవ్వ అంటే మా అమ్మే, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం. మా అవ్వ ఎన్నో ఏళ్లు ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలు ఏరే కూలికి పోయింది. అక్కడ వందమంది ఆడవాళ్లు ఒకేచోట కూర్చొని ఏరినా, ఒక్కరు కూడా పక్కవాళ్ల చేతికి కాయ ఇవ్వరట. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ కొట్లాట అవుతుందని నమ్మకం.

మాది ప్రతి ఆదివారం చర్చికి పోయే కుటుంబం. ఇలాంటి నమ్మకాలు పెట్టుకోవద్దని పాస్టరయ్య ఎన్నోసార్లు చెప్పాడు. మా అవ్వ ముందు వరుసలో కూర్చొని తల ఊపుతూ అంతా వింటుంది, ఇంటికొచ్చి మిరపకాయలు కిందే పెడుతుంది. "అయ్యగారు చెప్పింది నిజమే. గని ఆయనింట్ల కొట్లాటలు లేవు, మనింట్ల ఉన్నయి" అంటుంది. చదువుకున్నవాణ్ణి కదా, నేను ఆమెను వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు మా ఇంట్లో చేతికి ఇవ్వని లిస్టులో కత్తెర, మిరపకాయల తర్వాత నేను కూడా చేరాను.

ఇలా ఉండగా కోత పండుగ వచ్చింది. మా చర్చిలో ఏటా చలి తగ్గాక చేస్తారు. ఎవరి చేనులో పండినవి వాళ్లు తెచ్చి ముందర పెట్టి, ప్రార్థన చేసుకొని, అందరం కలిసి భోజనం చేస్తాం. సాయంత్రం ఆటలుంటాయి. ఈసారి యూత్ వాళ్లు కొత్తగా కుటుంబాల రిలే పందెం పెట్టారు. ఒక ఇంటి నుంచి నలుగురు, గ్రౌండ్ నాలుగు మూలల్లో నిలబడాలి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా ఉరకాలి, మొదలుపెట్టేది వాళ్లే. ఈ రూలు విని నవ్వుకుంటుండగానే ఆడవాళ్ల వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. మా అవ్వది. నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు.

"నలుగురం ఉన్నం. మూలలు గూడ నాలుగే ఉన్నయట. ఇంకేంది?" అంది బయటికొచ్చాక. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పికి రోజూ రెండు రకాల నూనెలు రాసుకుంటుంది.

అసలు సంగతి నా భార్య మిషన్ తొక్కుతూ చెప్పింది. "అత్తమ్మ పందెం కోసం పేరియ్యలె. నలుగురం కలిసి ఉరికితె పిల్ల తండ్రితోని ఒక్క మాటన్న అనదా అని ఇచ్చింది. ఐదు నెలల సంది మీ ఇద్దరి నడుమ పోస్టాఫీసు లెక్క నేను అటు ఇటు మాటలు మోస్తాన. నాకు చాతనైతలేదు. జర నోరు అదుపుల పెట్టుకొని ఉరుకు."

నాకు గెలుపు అక్కర్లేదు, బిడ్డ మాట్లాడితే చాలు అనుకున్నానని రాయాలని ఉంది. నిజం మాత్రం అది కాదు. నాకు రెండూ కావాలనిపించింది. ఆ సాయంత్రమే ఎవరూ చూడకుండా వెళ్లి చర్చి పక్క గ్రౌండ్ అడుగులతో కొలిచి వచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను, వాచ్‌మన్ మా అవ్వకు చెప్పాడు.

మా బిడ్డ ఒప్పుకుంది, షరతులతో. నేను ఎదురుగా కూర్చొని ఉండగానే వాళ్ల అమ్మతో చెప్పింది. "మమ్మీ, డాడీకి చెప్పు. నేను నానమ్మ కోసం ఉరుకుతాన. ప్రాక్టీస్‌ల విజిల్ ఊదొద్దు."

నా భార్య నా వైపు తిరిగి, "విన్నవా? విజిల్ ఊదొద్దంట" అంది.

"విన్న. నాకేం చెవుడు లేదు."

"విన్నడంట బిడ్డా" అని మళ్లీ అటు తిరిగి చెప్పింది.

ఎవరు ఏ మూలలో నిలబడాలో రాయడానికి ఒక కాగితం తీసుకున్నాను. అందరికన్నా వేగంగా ఉరికేవాళ్లను చివర పెట్టాలన్నది ఎల్‌కేజీ పిల్లలకు కూడా నేను చెప్పే మాట. అలా చూస్తే మా బిడ్డే చివర ఉరకాలి. కానీ అప్పుడు నేను ఆమె చేతికివ్వాల్సి వస్తుంది, ఆమె తీసుకోకపోవచ్చు. ఆమె మూడో మూలలో, నేను నాలుగో మూలలో ఉంటే ఆమే నా చేతికివ్వాలి. ఇవ్వక తప్పదు, అది రూలు. ఇరవై ఏళ్లు నేర్పిన విద్యను పక్కనబెట్టి నా పేరు చివర రాసుకున్నాను. ఇంట్లో వాళ్లకు మాత్రం, "ఎక్స్‌పీరియన్స్ ఉన్నోళ్లు లాస్ట్ ఉండాలె" అని చెప్పాను. నా భార్య నా పొట్ట వైపు చూసి, "కనబడతాంది ఎక్స్‌పీరియన్స్" అంది.

రెండు వారాలు సాయంత్రం పూట స్కూలు గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేశాం. స్కూలు నుంచి అసలైన రిలే కర్ర తెచ్చాను. మా అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకొని వచ్చేది. నేను భయపడినంత నెమ్మదిగా లేదు. కర్రను కోడలి అరచేతిలో టప్పున కొట్టినట్టు పెట్టేది, నా భార్య వెనక్కి చూడకుండా అందుకునేది. ఇద్దరూ ఇరవై ఏళ్లు ఒకే వంటింట్లో పనిచేసినవాళ్లు, ఎవరి చెయ్యి ఎక్కడుంటుందో చూడకుండానే తెలుసు. నేను ఏం నేర్పకుండానే వచ్చింది కాబట్టి, నేనే నేర్పానని చర్చిలో చెప్పుకున్నాను.

మా బిడ్డ ఒక్కరోజే వచ్చింది. పాత చెప్పులతోనే ఉరికింది. ఆ చెప్పులతోనే ఎంత బాగా ఉరికిందో నేను చెప్పకూడదు. నా దగ్గరికి వచ్చేసరికి నేను చెయ్యి వెనక్కి చాపి సిద్ధంగా ఉన్నాను. ఆమె కర్రను నా పక్కనున్న పిట్టగోడ మీద పెట్టి వెళ్లిపోయింది. వేరే పిల్ల ఎవరైనా ఆ పని చేస్తే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు తిప్పేవాణ్ణి. విజిల్ జేబులోనే ఉంది. నేను గోడ మీది కర్ర తీసుకొని ఉరికాను.

పండుగకు వారం ముందు పాస్టరయ్య ఇంకో మెలిక పెట్టాడు. కోత పండుగ కాబట్టి కర్రలు వద్దు, ఎవరింటి పంట వాళ్లు పట్టుకొని ఉరకండి అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం వెంటనే లెక్కలో పడ్డాను. గుమ్మడికాయ తెచ్చేవాళ్లు ఓడిపోయినట్టే. తేలిగ్గా ఉండాలి, పట్టుకోవడానికి అనువుగా ఉండాలి. అలా ఆలోచిస్తుంటే మునక్కాయ గుర్తొచ్చింది. అచ్చం రిలే కర్రలాగే ఉంటుంది. పక్కింటివాళ్ల చెట్టు నుంచి నాలుగు మునక్కాయలు అడిగి తెచ్చి, కొలిచి, వాటిలో నిటారుగా ఉన్న ఒకదాన్ని ఎంపిక చేసి ఫ్రిజ్‌లో దాచాను.

మా అవ్వ ఆ మునక్కాయను పప్పుచారులో వేసింది. "దేవునికిచ్చేది మన చేతుల పండింది గావాలె. పక్కింటోళ్ల చెట్టుది తెచ్చి ఇస్తవా? నీ ఉరుకుడుకు పనికొస్తదని?" అంది. పరకాల దగ్గర మా మేనమామ చేనులో నాలుగు సాళ్లు మా అవ్వవి. ప్రతి ఏడూ వెళ్లి స్వయంగా మిరప వేస్తుంది, స్వయంగా కోస్తుంది. ఆ మొదటి కోత కాయలు ఎండబెట్టి ఉన్నాయి. నా భార్య బ్లౌజుల్లో మిగిలిన గుడ్డతో చిన్న సంచి కుట్టింది, దానికి పట్టుకునే పట్టీ కూడా పెట్టింది. చేతిలో తూచి చూశాను, దూదిలా తేలిగ్గా ఉంది. మునక్కాయ పోయిన బాధ తీరిపోయింది. ఇక పందెం మనదే అనుకున్నాను.

ఇంట్లో నలుగురం ఉన్నాం. ఆ సంచి పండుగ దాకా గూట్లో అందరి కళ్ల ముందే ఉంది. అయినా చేతికి ఇవ్వకూడని వస్తువుతో చేతికిచ్చే పందెం ఎలా ఉరుకుతామని ఒక్కరికీ తట్టలేదు. మిగతా ముగ్గురినీ క్షమించొచ్చు, వాళ్లకు వేరే పనులున్నాయి. గాలి ఎటు వీస్తుందో కూడా కాగితం మీద రాసుకున్నది నేను.

పండుగ రోజు భోజనాలయ్యాక ఐదు కుటుంబాలు గ్రౌండ్‌లోకి వచ్చాయి. ఒకరివి మొక్కజొన్న కంకులు. ఒకరివి అరటిపండ్లు. డోర్నకల్‌లో రైల్వే పని చేసి రిటైరైన పెద్దాయన కుటుంబానిది గుమ్మడికాయ. ఇంకో ఇంటివాళ్లది కోడిపుంజు. మా అవ్వ మిరపకాయల సంచి ఛాతీకి అదుముకొని మొదటి మూలలో నిలబడింది. నేను నాలుగో మూలకు నడుస్తూ మూడో మూల దాటేటప్పుడు మా బిడ్డ కాళ్ల వైపు చూశాను. ఆ బూట్లు. ఐదు నెలలు అటక మీద ఉన్నవే. దుమ్ము తుడిచి, కొత్త లేసులు కట్టి ఉన్నాయి. వాళ్ల నానమ్మ తుడిచిందో, తనే తీసుకుందో తెలియదు.

పందెం మొదలైంది. మొదటి పది అడుగుల్లోనే కోడిపుంజు చేతిలోంచి ఎగిరి చర్చి వరండాలోకి పోయింది, ఆ ఇంటి పెద్దావిడ దాని వెనక పోయింది. మా అవ్వ మాత్రం తల వంచుకొని, పెదవులు బిగబట్టి, ఎటూ చూడకుండా వస్తోంది. గుమ్మడికాయ పెద్దాయన్ను దాటింది. మూడో స్థానం. జనం చప్పట్లు కొడుతున్నారు. రెండో మూలలో నా భార్య నేను నేర్పినట్టే చెయ్యి వెనక్కి చాపింది.

మా అవ్వ ఆగిపోయింది. చాపిన చెయ్యి వైపు చూసింది, చేతిలో సంచి వైపు చూసింది. వంగి, సంచిని మెల్లగా నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. "తీస్కో బిడ్డా" అంది.

"చేతికియ్యి అవ్వా, చేతికియ్యి" అని నేను నాలుగో మూల నుంచి కేకలు పెట్టాను. మా అవ్వ అంత దూరం నుంచే, ఆయాసపడుతూనే జవాబిచ్చింది. "ఇంట్ల ఉన్న కొట్లాట సాలదా? కోడలితోని గూడ పెట్టుకోవాల్నా?" గ్రౌండంతా నవ్వింది. పాస్టరయ్య ఆకాశం వైపు చూశాడు. ఈలోగా గుమ్మడికాయ మమ్మల్ని దాటిపోయింది.

నా భార్యకు తెలివి ఎక్కువని నా నమ్మకం. మూడో మూల దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి నిలబడ్డ బిడ్డ ముందు ఆమె కూడా సంచి నేల మీద పెట్టింది. తర్వాత అడిగితే, "అత్తమ్మ చూస్తాంది గద. మల్ల పిల్లతోని నాకు కొట్లాటయితె మీకు పోస్టాఫీసు ఎవరు చేస్తరు?" అంది. మా వెనక ఇక కోడి కుటుంబం ఒక్కటే ఉంది, కోడి ఇంకా దొరకలేదు.

అప్పుడు మా బిడ్డ సంచి తీసుకొని ఉరికింది.

నేను ఎప్పుడూ ఆమెను స్టాప్‌వాచ్‌తోనే చూశాను. ఆమె ఉరుకుతుంటే నా కళ్లు అంకెల మీదే ఉండేవి. ఆ రోజు వాచ్ మెడలో ఉన్నా నొక్కడం మరిచిపోయాను. మెడ నిటారుగా, భుజాలు వదులుగా, మోకాళ్లు పైకి, నవ్వుతూ వస్తోంది. గుమ్మడికాయను దాటింది. అరటిపండ్లనూ దాటింది. ఇంత చక్కగా ఉరికే పిల్లనా నేను అంత మాటన్నది అనిపించింది. మొక్కజొన్న తర్వాత రెండో స్థానంలో, సరిగ్గా ఆ రోజు మలుపు దగ్గర ఉన్న స్థానంలోనే, నా వైపు వచ్చింది. సంచి పట్టుకున్న చెయ్యి ముందుకు చాపి ఉంది. గోడ వైపు కాదు, నేల వైపు కాదు, నా వైపు.

ఐదు నెలలుగా నేను ఎదురుచూసింది ఆ చెయ్యి కోసమే. ఆ పందెం లెక్కంతా దాని కోసమే తప్పుగా వేశాను. మూఢనమ్మకాలని మా అవ్వను జీవితమంతా వెక్కిరించిన చదువుకున్నవాణ్ణి, ఆ చెయ్యి దగ్గరికి రాగానే నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "కింద పెట్టు బిడ్డా, కింద పెట్టు" అన్నాను. మళ్లీ కొట్లాట అవుతుందేమోనని, ఈ పిల్ల మళ్లీ నాకు దూరమవుతుందేమోనని నిజంగా భయం వేసింది.

ఆమె ఆగి నా ముఖంలోకి చూసింది.

"కొట్లాట ఎప్పుడో అయిపాయె గద డాడీ. పట్టు" అంది.

సంచి నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, నన్ను భుజం పట్టుకొని ముందుకు తోసింది. ఐదు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. మమ్మీకి చెప్పలేదు, నాకే చెప్పింది.

ఉరికాను. ఇంకా మేం రెండో స్థానంలోనే ఉన్నాం. సగం దూరం దాకా బాగానే ఉన్నాననుకుంటున్నాను, చూసినవాళ్లు వేరే చెబుతారు. ఆ తర్వాత కాళ్లు నా మాట వినడం మానేశాయి. ఛాతీలో గాలి లేదు. ఉరకాలని మనసు ఎంత కోరుకుంటుందో, మోకాళ్లు అంత కిందే ఉంటున్నాయి. పక్క నుంచి ఎవరో వస్తున్న చప్పుడు వినిపిస్తోంది, ఏమీ చేయలేను. అరటిపండ్లాయన దాటిపోయాడు. ముగింపు గీత ఇంకో పది అడుగులుందనగా గుమ్మడికాయ ఎత్తుకొని ఒకతను దాటిపోయాడు. పదిహేనేళ్ల పిల్ల ఆ రోజు హనుమకొండలో చివరి యాభై మీటర్లు ఎలా ఉరికిందో నాకు అప్పుడు తెలిసింది. అరిచినంత మాత్రాన ఎవరి కాళ్లూ లేవవని కూడా తెలిసింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ముందే తెలియాల్సిన సంగతి ఇది.

గీత దాటి నేల మీద కూలబడ్డాను. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. యూత్ పిల్లలు మిర్చి ఘాటు అనుకొని నీళ్ల బాటిల్ తెచ్చారు. సంచి కుట్టు ఎక్కడా ఊడలేదు, నా భార్య కుట్టు అంత గట్టిది. నేను ఆ నీళ్లతో కళ్లు కడుక్కున్నాను. సంచి తీసుకుపోవడానికి మా అవ్వ వచ్చింది. నేను అందించబోతే చెయ్యి చాపలేదు. "కింద పెట్టు కొడుకా" అంది. కింద పెట్టాను, తీసుకొని పోయింది.

తర్వాత మా బిడ్డ వచ్చి నా ఎదురుగా నిలబడింది. బూట్ల నిండా మట్టి ఉంది.

"నాలుగో ప్లేస్ డాడీ" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నాలుగో ప్లేస్‌కు ఏమిస్తరు?"

నా మాటే. అప్పటిదాకా ఈ ఐదు నెలల్లో ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను. నీ మంచికే అన్నాను బిడ్డా అనేది ఒకటి. కోచ్ అంటే అలాగే ఉండాలి అనేది ఇంకొకటి. అద్దం ముందు నిలబడి కూడా చెప్పి చూసుకున్నాను. ఆయాసంతో అవేవీ గుర్తుకు రాలేదు.

"ఆ రోజు నేనన్నది తప్పు బిడ్డా" అన్నాను. "నువ్వు మంచిగనే ఉరికినవ్. నేనే నలుగుర్ల నీ ఇజ్జత్ తీసిన. నాదే తప్పు."

ఆమె వంగి నా మెడలో ఉన్న స్టాప్‌వాచ్‌ను పట్టుకొని చూసింది. దాని మీద సున్నాలున్నాయి.

"ఈ ఒక్క మాటకు ఐదు నెలలు పట్టింది నీకు" అంది. "చానా స్లో డాడీ. మోకాళ్లు గూడ లేస్తలేవు. రేపు పొద్దుగాల గ్రౌండ్‌కు రా, నేను చూస్త."

నేను తాడు మెడలోంచి తీసి స్టాప్‌వాచ్ ఆమె వైపు చాపాను. ఆమె చేతికి అందుకుంది.